లెక్కలోకి రాని వాక్యం

నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగ్ తీసుకునే పిల్లలందరికీ ఒక రకం ప్రశ్న బాగా అలవాటు. ఒక ఇంగ్లిష్ వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి ఇస్తారు. తప్పు ఏ ముక్కలో ఉందో పట్టుకోవాలి. ఏ ముక్కలోనూ లేదనిపిస్తే చివర్లో ఉన్న ‘నో ఎర్రర్’ పెట్టాలి. జవాబు తప్పితే ఆ మార్కు రాకపోగా ఉన్నదాంట్లోంచి పావు మార్కు పోతుంది. లక్షల మంది రాసే పరీక్షలో పావు మార్కంటే ఒక్కోసారి ఉద్యోగమే.

మచ్చుకి ఈ వాక్యం చూడండి: ‘షి డిస్కస్డ్ / అబౌట్ ది ప్రాబ్లమ్ / విత్ హర్ మేనేజర్ / ఎస్టర్డే.’

తప్పు రెండో ముక్కలో ఉంది. ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ రాకూడదు. కోచింగ్ సెంటర్లో దీనికి పట్టే సమయం పది సెకన్లు. నియమం చెప్తారు, రాసుకుంటారు, తర్వాతి ప్రశ్నకి వెళ్తారు. ఆ వేగం వాళ్ళకి అవసరం కూడా. ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ విభాగానికి ముప్ఫై ప్రశ్నలు, ఇరవై నిమిషాలు.

కానీ ఆళ్ళగడ్డ పక్కనున్న ఏదో పల్లె నుంచి, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన ఒకమ్మాయి అక్కడ చెయ్యెత్తి, “సార్, ఇది ఎవురికి తప్పు?” అని అడిగిందనుకుందాం. ఆమె ఎకసెక్కానికి అడగట్లేదు. ఆమెకు తెలిసిన ఇంగ్లిష్‌లో అందరూ ‘డిస్కస్ అబౌట్’ అనే అంటారు. లెక్చరర్లు అన్నారు, ఇంటర్వ్యూ చేసినవాళ్ళు అన్నారు, టీవీలో మంత్రులు అన్నారు. ఆ వాక్యం విని అర్థం కాని మనిషి ఆమెకు ఇంతవరకూ తగల్లేదు. మరి తప్పు ఎక్కడున్నట్టు? వాక్యంలోనా, పుస్తకంలోనా, మాట్లాడిన మనిషిలోనా?

ఇది వ్యాకరణం ప్రశ్నలా కనిపించే నైతిక ప్రశ్న. మన భాషలో ‘తప్పు’ అనే మాటే ఆ సంగతి పట్టిస్తుంది. లెక్క తప్పు, దారి తప్పాడు, మాట తప్పాడు, తప్పు చేశాడు, తప్పు కాయండి. పొరపాటుకీ పాపానికీ మనం వాడేది ఒకటే మాట. తెలుగులో ఎదిగిన పిల్ల తన వాక్యం కింద ‘తప్పు’ అని చూసినప్పుడు, ఇంగ్లిష్‌లో ‘ఎర్రర్’ అన్న మాటకున్న పొడి చల్లదనం ఆమెకు అందదు. ఎక్కడో తలవంచుకోవాల్సిన పని జరిగిందనిపిస్తుంది.

*

ఆ అమ్మాయి ప్రశ్నకి రెండు పాత జవాబులున్నాయి. ఒకటి, పుస్తకం చెప్పింది కాబట్టి తప్పు. రెండు, జనం అలా అనరు కాబట్టి తప్పు.

మన దగ్గర పుస్తకమంటే మొదట గుర్తొచ్చేది రెన్ అండ్ మార్టిన్. బొంబాయి విద్యాశాఖలో పనిచేసి, తర్వాత ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్ సాహసాల మీద ‘బో జెస్ట్’ అనే నవల రాసి పేరు తెచ్చుకున్న పి.సి. రెన్, మరో రచయిత మార్టిన్‌తో కలిసి 1930లలో తెచ్చిన వ్యాకరణం. దాదాపు తొంభై ఏళ్ళుగా మన బల్లల మీద ఉంది. దానికి సమాంతరంగా ఇంకో ధార నడిచింది. టోక్యోలో జపాన్ విద్యార్థులకు ఇంగ్లిష్ నేర్పిన హెరాల్డ్ పామర్, ఎ.ఎస్. హార్న్‌బీ అనే ఇద్దరు, ఇంగ్లిష్‌ని సూత్రాలుగా కాక వాక్యాల అచ్చులుగా చూడొచ్చన్నారు. ఏ క్రియ ఏ అచ్చులో ఇముడుతుందో చెప్తే చాలు, పిల్లలు వాక్యాలు పోసుకుంటారని. హార్న్‌బీ క్రియలకు పాతిక అచ్చులు లెక్కగట్టాడు. ఆయన బృందం చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. తర్వాత ఆక్స్‌ఫర్డ్ చేతికి వెళ్ళి, మనందరం స్కూల్లో మోసిన లర్నర్స్ డిక్షనరీ అయింది.

రెండో జవాబుకి, అంటే జనం ఏమంటారో చూడాలన్న మాటకి, చాలాకాలం ఆధారం దొరకలేదు. జనం ఏమంటారో ఎవరు చూశారు? ‘మేం అలా అనం’ అని ఒక ప్రొఫెసర్ అంటే అదే ఆధారం. 1960లలో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో ఫ్రాన్సిస్, కుచేరా అనే ఇద్దరు ఈ పని మొదలుపెట్టారు. 1961లో అమెరికాలో అచ్చయిన పుస్తకాలు, పత్రికల నుంచి 500 నమూనాలు, ఒక్కోదానిలో సుమారు 2000 మాటలు, మొత్తం పది లక్షల మాటలు కంప్యూటర్లోకి ఎక్కించారు. అదే బ్రౌన్ కార్పస్. కార్పస్ అంటే ఏం లేదు, నిజంగా వాడిన భాషని ఒక పద్ధతి ప్రకారం పోగేసి, వెతుక్కోవడానికి వీలుగా పెట్టిన కుప్ప. కళ్ళంలో గింజల కుప్పలాగే. తేడా ఏమిటంటే ఇక్కడ ఏ గింజ ఏ చేలోంచి వచ్చిందో రాసి పెడతారు.

అలాంటి కుప్ప ఏం చూపించగలదో బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయిర్ బృందం చూపించింది. సుమారు రెండు కోట్ల మాటల మీద ఆధారపడి వాళ్ళు 1987లో కోబిల్డ్ నిఘంటువు తెచ్చారు. సింక్లెయిర్ గమనించిన వాటిలో ఒకటి నాకు చాలా ఇష్టం. ‘సెట్ ఇన్’ అనే క్రియకి నిఘంటువుల్లో అర్థం ‘మొదలై పాతుకోవడం’. అయితే కార్పస్‌లో దానికి కర్తలు ఎవరెవరున్నారో వరసగా పేర్చి చూస్తే కుళ్ళు, క్షయం, ఇన్ఫెక్షన్, పక్షపాతం లాంటివే ఎక్కువ. మంచివేవీ అలవాటుగా ‘సెట్ ఇన్’ కావు. ఇది ఏ వ్యాకరణంలోనూ లేదు. వాడేవాళ్ళకి కూడా అడిగితే చెప్పడం రాదు.

మనకి ‘దాపురించు’ ఉంది కదా. ‘దాపు’ అంటే దగ్గర. ఆ లెక్కన దాపురించడమంటే దగ్గరికి రావడమే. అయినా కరువు దాపురిస్తుంది, దరిద్రం దాపురిస్తుంది, శని దాపురిస్తుంది. ‘మా ఇంట్లో పెళ్ళి దాపురించింది’ అని ఎవరైనా అంటే మనం నవ్వుతాం, లేదా ఆ పెళ్ళి కథేంటని అడుగుతాం. ఈ జ్ఞానం మనకి ఎవరూ నేర్పలేదు. వేలసార్లు విని, ఆ మాట ఎవరి పక్కన తిరుగుతుందో చూసి పట్టుకున్నాం. మనిషి తెలియకుండా చేసే ఆ లెక్కని కార్పస్ తెలిసి చేస్తుంది.

*

ఇప్పుడు మన వాక్యాన్ని ఆ కుప్పలో వెతికితే ఏం దొరుకుతుంది? బ్రిటన్, అమెరికాల్లో అచ్చయిన రాతల్లో ‘డిస్కస్ అబౌట్’ చాలా అరుదు. కోచింగ్ సెంటర్ నియమానికి ఆధారం ఉందన్నమాట. అయితే కథ అక్కడితో అయిపోదు. వేర్వేరు దేశాల ఇంగ్లిష్‌ని పోగేసిన కార్పస్‌లు చూస్తే భారత్‌లోనే కాదు, నైజీరియాలో, సింగపూర్‌లో కూడా జనం ‘డిస్కస్ అబౌట్’ అంటున్నారు. వాళ్ళెవరికీ తెలుగు రాదు. ‘సమస్య గురించి చర్చించారు’ అని మనం అనుకుని దాన్నే ఇంగ్లిష్‌లోకి దించుతున్నామనే వివరణ సగమే నిజం. అసలు తెలుగులోనే ‘సమస్యను చర్చించారు’ అని కూడా అంటాం.

మిగతా సగం ఇంగ్లిష్‌లోనే ఉంది. కోబిల్డ్ వాళ్ళు 1996లో క్రియల అచ్చుల మీద ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. దాని మూలసూత్రం చాలా చక్కనిది. ఒకే అచ్చులో ఇమిడే క్రియలు తరచుగా ఒకే రకం అర్థం పంచుకుంటాయి. టాక్ అబౌట్, స్పీక్ అబౌట్, ఆర్గ్యూ అబౌట్, థింక్ అబౌట్. ఆఖరికి నామవాచకంగా మారితే ‘ఎ డిస్కషన్ అబౌట్’ కూడా ఒప్పే. మాట్లాడుకోవడం అనే అర్థమున్న ఇంత పెద్ద కుటుంబంలో ‘డిస్కస్’ ఒక్కటే విడిగా కూర్చుంది. అంటే ఆ అమ్మాయి నియమాన్ని ఉల్లంఘించడం లేదు. ఇంగ్లిష్‌కి సొంతమైన నియమాన్ని ఇంగ్లిష్ కంటే శ్రద్ధగా పాటిస్తోంది. ఆమెకు తెలియనిది ఆ నియమానికున్న మినహాయింపు.

ఇది చిన్న తేడా కాదు. ‘నీకు ఇంగ్లిష్ రాదు’ అనడానికీ, ‘నీ ఊహ సరైనదే, కానీ ఇక్కడొక మొండి క్రియ ఉంది, గుర్తుపెట్టుకో’ అనడానికీ మధ్య ఒక మనిషి ఆత్మగౌరవమంత దూరం ఉంది. రెండో వాక్యం మొదటిదానికంటే దయగలది మాత్రమే కాదు, ఎక్కువ నిజం కూడా.

*

ఇక్కడ ఒక ఆశ పుడుతుంది. సరే, లెక్కే తేల్చెయ్యనీ అని. భారతదేశంలో ఇంగ్లిష్ మాట్లాడే కోట్ల మందిలో ఎక్కువమంది ‘డిస్కస్ అబౌట్’ అంటే అది ఒప్పు అయిపోవాలి కదా? ‘ప్రీపోన్’ని మనమే వాడుకలో నిలబెట్టాం, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఒప్పుకున్నారు. ప్రజాస్వామ్యంలో తలలే కదా లెక్క.

తలల లెక్క గురించి నంద్యాలకు ఒకరు చెప్పక్కర్లేదు. 1991 నవంబరులో పి.వి. నరసింహారావు ఇక్కడ ఉపఎన్నికలో దాదాపు 5.8 లక్షల మెజారిటీతో గెలిచారు. అప్పట్లో అది రికార్డు. ఆ అంకె అబద్ధం కాదు, ప్రతి ఓటూ లెక్కపెట్టిందే. కానీ ఆ అంకెను చదవాలంటే ఇంకో విషయం తెలియాలి. తెలుగువాడు మొదటిసారి ప్రధాని అయ్యాడని, ప్రధాన ప్రత్యర్థి అయిన తెలుగుదేశం పోటీయే పెట్టలేదు. బ్యాలెట్ మీద ఎవరున్నారన్న దానికంటే ఎవరు లేరన్నదే ఆ మెజారిటీని ఎక్కువగా వివరిస్తుంది.

కార్పస్‌లో కూడా అంతే. లెక్క ఎంత నిక్కచ్చిదైనా, లెక్కకు ముందు ఒక ఎంపిక ఉంటుంది. దాన్ని అంకె చెప్పదు.

భారతీయ ఇంగ్లిష్‌కి మొదటి పెద్ద కార్పస్ కొల్హాపూర్‌లోని శివాజీ యూనివర్సిటీలో తయారైంది. బ్రౌన్ పద్ధతిలోనే, 1978లో మన దేశంలో అచ్చయిన ఇంగ్లిష్ నుంచి పది లక్షల మాటలు. చాలా విలువైన పని. కాకపోతే అందులో ఉన్నది అచ్చుకెక్కిన ఇంగ్లిష్. పత్రిక సంపాదకులు, ప్రభుత్వ నివేదికలు రాసేవాళ్ళు, నవలాకారుల ఇంగ్లిష్. ఆ తర్వాత ఇంటర్నేషనల్ కార్పస్ ఆఫ్ ఇంగ్లిష్ అనే ప్రాజెక్టులో భాగంగా భారతీయ విభాగం వచ్చింది. ఇందులో అరవై శాతం మాట్లాడిన భాషే, అది మంచి మార్పు. కానీ ఎవరి మాటలు తీసుకోవాలి అన్నదానికి ఆ ప్రాజెక్టుకి ఒక నియమం ఉంది. పద్దెనిమిదేళ్ళు దాటి ఉండాలి, సెకండరీ చదువు పూర్తయ్యేదాకా ఇంగ్లిష్ మీడియంలో చదివి ఉండాలి.

మన ఆళ్ళగడ్డ అమ్మాయి అక్కడే ఆగిపోయింది. ఆమె రోజూ ఇంగ్లిష్‌తో కుస్తీ పడుతుంది, దాని మీదే బతుకు నిలబెట్టుకోబోతుంది. అయినా ఆమె వాక్యం భారతీయ ఇంగ్లిష్ కాదు. దాన్ని చేర్చుకునే కార్పస్‌లు వేరే ఉన్నాయి, వాటిని లర్నర్ కార్పస్ అంటారు. అక్కడ అది ‘నేర్చుకునేవాళ్ళ పొరపాటు’. అదే వాక్యం ఢిల్లీలో కాన్వెంట్ చదువు చదివిన సెక్రటరీ నోట వస్తే ‘భారతీయ ఇంగ్లిష్ లక్షణం’. వాక్యం ఒకటే, పేరు మాత్రం మనిషిని బట్టి మారింది.

ఇది పాత ఇబ్బందే. వ్యాకరణం ఎవరి వాడుకను అనుసరించాలి అన్న ప్రశ్న రెండు వేల ఏళ్ళ కిందట పతంజలికి కూడా ఎదురైంది. మహాభాష్యంలో ఒకచోట ఆయన, కుండ కావాల్సినవాడు కుమ్మరి ఇంటికి వెళ్ళి చేయించుకుంటాడు గానీ, మాటలు కావాల్సినవాడెవడూ వ్యాకరణం తెలిసినవాడి ఇంటికి వెళ్ళి మాటలు చేసిపెట్టమనడు అన్న అర్థంలో చెప్తాడు. మన వైపు చెప్పాలంటే, విగ్రహం కావాలంటే ఆళ్ళగడ్డ వెళ్ళి శిల్పికి పురమాయిస్తాం, ఆయన తాళమానం ప్రకారం కొలతలు వేసి చెక్కిస్తాడు. వాక్యాన్ని అలా పురమాయించం. అది ముందే వీధిలో ఉంటుంది. చాలా గొప్ప మాట. కానీ అదే పతంజలి, మరి ఎవరి వాడుక ప్రమాణం అనేసరికి, శిష్టులది అన్నాడు. శిష్టులెవరు? ఆర్యావర్తంలో ఉండేవాళ్ళు, కుండెడు ధాన్యానికి మించి దాచుకోనివాళ్ళు, లోభం లేని బ్రాహ్మణులు. కోరిన గుణాల్లో ఉదాత్తత ఉంది, నిజమే. కానీ ఇంటి అడ్రసు, కులం కూడా ఉన్నాయి.

గిడుగు రామమూర్తి గ్రాంథికవాదులతో పోరాడినప్పుడు ఆయన చేసింది, ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, ఒంటిచేత్తో కార్పస్ కట్టడమే. పాత వచన గ్రంథాల్లోంచి ఉదాహరణలు పోగేసి, మీరు తప్పంటున్న రూపాలు మీ పూర్వులే వాడారు చూడండి అన్నారు. పండితుల రాతల్లోంచే వాళ్ళు తమ నియమాలు తామే తప్పిన చోట్లు ఏరి చూపించారు. ‘ఇలా ఎవరూ రాయరు’ అనే వాదానికి అదే సరైన మందు. అయితే ఆ ఉద్యమం గెలిచాక స్థిరపడిన పేరేమిటి? శిష్ట వ్యావహారికం. ఆచరణలో ఆ శిష్టత ఎక్కువగా కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్న కుటుంబాల దగ్గర ఆగింది. నంద్యాలలో ‘యాడికి పోతాండావు’ అనేది ఆ లెక్కలోకి రాలేదు, యాస అయింది.

దాని ఫలితం ఇంకో చోట కనిపిస్తుంది. మాటని దాని పక్కన తిరిగే మాటల్ని బట్టి తెలుసుకోవాలన్న ఆలోచనకి పేరు తెచ్చిన భాషావేత్త జె.ఆర్. ఫర్త్. లాహోర్‌లో పాఠాలు చెప్పిన మనిషి, తెలుగునూ పరిశీలించాడు. ఆయన సలహా ప్రకారం పాతికేళ్ళ తెలుగు సినిమా సంభాషణలన్నీ పోగేసి, అందులో సీమ మాట ఎక్కడెక్కడ వస్తుందో వెతికామనుకోండి. బెదిరింపులో వస్తుంది, పగలో వస్తుంది, సుమోలు గాల్లోకి లేచే ముందు వస్తుంది. పిల్లకి జోలపాడేటప్పుడు, బ్యాంకులో ఫారం నింపమని అడిగేటప్పుడు, ప్రేమించానని చెప్పేటప్పుడు వచ్చేది బహు తక్కువ. ఆ కార్పస్ మీద నిలబడి ‘సీమ తెలుగు హింసతో ముడిపడిన భాష’ అని ఎవరైనా తేలిస్తే, లెక్క సరిగ్గానే ఉంటుంది. తేల్చింది మాత్రం అన్యాయం.

*

కార్పస్‌ల మీద పాత విమర్శకుల్లో గట్టివాడు చామ్స్కీ. ఆయన 1950ల చివర్లోనే అన్నదాని సారం ఇది: ఎంత పెద్ద కుప్పైనా ఒక పక్కకి ఒరిగే ఉంటుంది. కొన్ని వాక్యాలు మరీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ అనరు, కొన్ని మర్యాద కాదు కాబట్టి అనరు. న్యూయార్క్‌లో ఉంటాను అనేవాళ్ళు ఎక్కువ, ఒహాయోలోని డేటన్‌లో ఉంటాను అనేవాళ్ళు తక్కువ. అది జనాభా గురించి చెప్తుంది తప్ప భాష గురించి కాదు. ‘నేను హైదరాబాద్‌లో ఉంటాను’, ‘నేను ఆళ్ళగడ్డలో ఉంటాను’ రెండూ సమానంగా తెలుగు వాక్యాలే. మొదటిది లక్షసార్లు దొరికి రెండోది పదిసార్లు దొరికినంత మాత్రాన రెండోది తక్కువ తెలుగు అయిపోదు.

ఈ విమర్శలో ఒక నైతిక అంచు కూడా ఉందని నాకనిపిస్తుంది, చామ్స్కీ దాన్ని ఉద్దేశించినా లేకపోయినా. అరుదుగా వినపడటం వేరు, చెల్లకపోవడం వేరు. ఆ రెంటినీ కలిపేసే సమాజంలో చిన్న ఊళ్ళు, చిన్న గొంతులు ఎప్పుడూ తప్పులుగానే మిగులుతాయి. ఇవాళ ఫోన్‌లో ఇంగ్లిష్ టైప్ చేస్తుంటే మాట కింద పడే ఎర్రగీత, మనం మొదలుపెట్టిన వాక్యాన్ని పూర్తిచేసిపెట్టే యంత్రం, రెండూ అలాంటి పెద్ద కుప్పల మీద నడుస్తున్నవే. పాత వ్యాకరణానికి కనీసం ఒక రచయిత ఉండేవాడు, ఆయనతో గొడవ పడొచ్చు. ఈ ఎర్రగీతతో ఎవరం గొడవ పడతాం? అది నియమం చెప్పదు, ‘ఎక్కువమంది ఇలా రాశారు’ అని మాత్రమే దానికి తెలుసు. కానీ మన కంటికి తీర్పులా కనబడుతుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో డేవిడ్ హ్యూమ్ హెచ్చరించింది ఇలాంటి దాటు గురించే. ‘ఉంది’ అనే వాక్యాల నుంచి ‘ఉండాలి’ అనే వాక్యాల్లోకి మనం చప్పుడు లేకుండా దాటేస్తాం, మధ్యలో కారణం చెప్పం. జనం ఇలా అంటున్నారు అన్నది ఒక వార్త. నువ్వు ఇలా అనాలి అన్నది ఒక ఆజ్ఞ. వార్త ఎంత పెద్దదైనా దానంతటది ఆజ్ఞ కాదు. ఆజ్ఞ ఇవ్వాలంటే వేరే కారణం కావాలి, దాన్ని బయటపెట్టాలి.

*

ఇక్కడిదాకా ఒప్పుకున్న పాఠకులకి ఒక అభ్యంతరం వచ్చే ఉంటుంది, రావాలి కూడా. “బాగుంది. కాబట్టి ఆ అమ్మాయికి ‘నీ ఇంగ్లిష్ నీది, ఎవరి మాటా వినకు’ అని చెప్పి పంపేద్దామా? పరీక్షలో పావు మార్కు ఎవరు కడతారు?”

ఈ అభ్యంతరం ముందు నా వాదం కాసేపు తలవంచాలి. భాషలన్నీ సమానమే, తప్పొప్పులు అధికారపు ఆటలే అని చెప్పడం, ఒప్పుల ఇంగ్లిష్ ఇంట్లోనే అబ్బినవాళ్ళకి చాలా తేలిక. వాళ్ళ పిల్లలు ‘డిస్కస్ అబౌట్’ అనరు. అన్నా ఎవరూ పట్టించుకోరు, ఇంటిపేరో కాలేజీ పేరో కాపు కాస్తుంది. ఆ ఉదారత్వం ఖర్చు ఎప్పుడూ ఎదుటివాళ్ళే కడతారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఇంగ్లిష్ మీడియం జీవోలు తెచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసినప్పుడు సాగిన వాదనలో పేద తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగిన మాట అదే కదా: మీ పిల్లలకి అక్కర్లేని తెలుగు మా పిల్లలకే ఎందుకు? తెలుగు మీడియం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కానీ ఆ నిలదీతలో న్యాయం ఉంది.

అలాగని రెండో వైపు కూడా నిలబడలేను. నియమం నేర్పితే చాలు, దాని వెనక కథ పిల్లలకెందుకు అనేవాళ్ళు ఉద్యోగం ఇప్పిస్తారేమో గానీ, ఆ ఉద్యోగంలో కూర్చున్నాక కూడా నోరు విప్పడానికి జంకే మనిషిని తయారుచేస్తారు. తన నోట్లోంచి వచ్చే ప్రతి వాక్యంలోనూ ఒక దొంగ దాక్కున్నాడేమో అన్న అనుమానంతో బతకడం ఎలాంటిదో, మనలో చాలామందికి ఒకరు చెప్పక్కర్లేదు.

నాకు తోచే దారి, నియమాలన్నీ ఒకే జాతివి కావని ఆ అమ్మాయికి విడమరిచి చెప్పడం. కొన్ని నియమాలు తప్పితే ఎదుటివాడికి అర్థమే కాదు. ఆ నియమాలు అందరి ఆస్తి, వాటిని నేర్పకపోవడం ద్రోహం. కొన్ని టోల్‌గేటు లాంటివి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా కడపకి పోయే హైవే మీద టోల్ కడతాం. కట్టినందుకు మనం మంచివాళ్ళమూ కాము, కట్టనివాడి బండి బండి కాకుండానూ పోదు. అవతలికి వెళ్ళాలి కాబట్టి కడతాం, అంతే. ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ తీసెయ్యడం అలాంటిది. ఇంకొన్ని నియమాలు అసలు నియమాలే కావు, ఎవరు మనవాళ్ళో ఎవరు కాదో వడగట్టే జల్లెడలు. వాటిని ఎప్పటికప్పుడు జల్లెడలని పేరుపెట్టి పిలవాలి. టీచరు నైతిక బాధ్యత ఏ నియమం ఏ జాతిదో దాచకుండా చెప్పడంలో ఉంది. టోలు రుసుముని ధర్మసూత్రంలా చెప్పడం అబద్ధం. టోలే లేదని చెప్పడం ఇంకా పెద్ద అబద్ధం.

ఈ విడమరచడానికి కార్పస్‌కంటే మంచి పనిముట్టు నాకు కనబడదు. దాన్ని న్యాయమూర్తి కుర్చీలోంచి దించి, సాక్షి బోనులో నిలబెడితే చాలు. బర్మింగ్‌హామ్‌లోనే టిమ్ జాన్స్ అనే అధ్యాపకుడు 1980లలో చేసింది ఇదే. నియమం తను చెప్పకుండా, కార్పస్‌లోంచి వరసలు వరసలుగా వాక్యాలు తీసి విద్యార్థుల ముందు పెట్టి, ‘మీరే పట్టుకోండి’ అన్నాడు. విద్యార్థి నిందితుడి చోటులోంచి డిటెక్టివ్ చోటులోకి మారతాడు. అమెరికన్ ఇంగ్లిష్‌కి వంద కోట్ల మాటలకు పైబడ్డ కార్పస్, ఇరవై దేశాల వెబ్ ఇంగ్లిష్‌ని పోల్చి చూపించే కార్పస్ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. నంద్యాలలో ఒక క్లాసులో గంటసేపు ‘డిస్కస్’, ‘టాక్’, ‘మెన్షన్’, ‘ఎక్స్‌ప్లెయిన్’ ఈ నాలుగు క్రియలు వెతికితే చాలు. ‘నాకు చెప్పు’ అచ్చులోనే ‘నాకు వివరించు’ ఉంది కాబట్టి మనం ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అంటామని, ‘టెల్ మీ’ ఒప్పయి అది తప్పవడానికి తర్కం లేదని, కేవలం చరిత్ర ఉందని పిల్లలే కనుక్కుంటారు. అలా కనుక్కున్న నియమం పరీక్షలో మర్చిపోరు, బతుకులో దానికి జడవరు.

*

అయితే సాక్షుల జాబితా ఎవరు రాస్తారన్న ప్రశ్న అలాగే ఉంది. దానికి మనకి ఒక మంచి మాదిరి దగ్గర్లోనే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాల మీద మాండలిక వృత్తి పదకోశం తెచ్చింది, తర్వాత చేనేత మీద ఇంకొకటి. నాగలికి ఉన్న భాగాల పేర్లు కావాలంటే పండితుణ్ణి అడగలేదు, జిల్లా జిల్లాకీ వెళ్ళి దున్నేవాణ్ణి అడిగారు. ఒక జిల్లాలో ఒక మాట, పక్క జిల్లాలో ఇంకో మాట దొరికితే రెండూ రాసుకున్నారు. ఆ పని వరకూ శిష్టుడంటే ఆ వస్తువుతో బతికేవాడు.

ఇంగ్లిష్ ఇప్పుడు మన దగ్గర అలాంటి వస్తువే. వారసత్వంగా వచ్చినవాళ్ళకి అది నగ. ఈ పిల్లలకి పనిముట్టు. పురుగుమందు డబ్బా మీద రాసింది చదివి నాన్నకి చెప్పేవాళ్ళు, వేరే రాష్ట్రం నుంచి విగ్రహానికి ఆర్డరు ఇచ్చే మనిషితో ఫోన్‌లో మాట్లాడి పెట్టేవాళ్ళు, కాల్ లెటర్ వచ్చిన బ్యాంకు ఏ ఊళ్ళో ఉందో వెతుక్కునేవాళ్ళు. భారతీయ ఇంగ్లిష్ ఎలా ఉంటుంది అన్న ప్రశ్నకి జవాబు వీళ్ళని వదిలేసి చెబితే, అది 1991 ఉపఎన్నిక మెజారిటీ లాంటి జవాబవుతుంది. నిజమే గానీ, సగం బ్యాలెట్ మీద నిజం.

‘ఎవురికి తప్పు?’ అన్న ప్రశ్నకి ఇప్పుడు నిజాయితీగా చెప్పగలిగింది ఇది. ఆ పరీక్షకి తప్పు, కాబట్టి అక్కడ తీసెయ్. నీతో మాట్లాడే లక్షల మందికి తప్పు కాదు, కాబట్టి సిగ్గుపడకు. ఇంగ్లిష్ సొంత నడకకి నీ వాక్యమే దగ్గర, కాబట్టి నీ ఊహని నమ్ముకో. రేపు నువ్వు ఎవరి వాక్యం కిందైనా ఎర్రగీత గీసే కుర్చీలో కూర్చుంటే, గీసే ముందు ఇదే ప్రశ్న ఒక్కసారి అడుగు.